నెలలు నిండాక వచ్చే నొప్పుల్లో దొంగవేవో, కాన్పువేవో గుర్తుపట్టడం ఎలా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీకిది తొలిచూలు, 38వ వారం నడుస్తోంది, పురిటికని గాజువాకలోని పుట్టింటికి వచ్చారు. నాలుగు రోజులుగా రాత్రి భోజనాలయ్యాక పొట్ట రాయిలా బిగుసుకుపోవడం, కాసేపటికి దానంతటదే వదులు కావడం జరుగుతోంది. భయపడి రెండుసార్లు రామ్‌నగర్‌లోని ఆసుపత్రికి వెళితే, పరీక్ష చేసి ఇంకా సమయం ఉందని పంపించేశారు. మీ వారికి ఈ వారం స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు కావడంతో రాత్రి తొమ్మిది దాటితే ఇంట్లో మీరూ అమ్మగారూ మాత్రమే ఉంటున్నారు. మూడోసారి వెళ్ళి అదీ ఉత్తదేనని తేలితే ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలన్నది మీ బెంగ. అమ్మగారు జీలకర్ర కషాయం ఇచ్చి, దానికి తగ్గితే దొంగ నొప్పులేనని తేల్చేస్తానంటున్నారు, అత్తగారేమో నిజం నొప్పులైతే ఎవరినీ అడగాల్సిన పనే ఉండదంటున్నారు.

నేను ఈ విశాఖలోనే 31 ఏళ్ళు ప్రసవాల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. డాక్టరును కాను కనుక, మీ కార్డు మీద మీ డాక్టరు రాసిన సూచన ఏదైనా నేను చెప్పేదానికి భిన్నంగా ఉంటే దాన్నే పాటించండి. ముందు ఆ సిగ్గు సంగతి చెబుతాను. నెలలు నిండిన మనిషి నొప్పులని వచ్చి, పరీక్ష చేయించుకుని, తిరిగి ఇంటికి వెళ్ళడం వార్డులో రోజూ జరిగేదే. గర్భాశయ ముఖద్వారం పలచబడి తెరుచుకుంటోందా లేదా అన్నది లోపలి పరీక్షలో తప్ప బయటినుంచి ఎవరికీ కనపడదు. ఒక్కోసారి ఆ పరీక్ష కూడా ఒక్క విడతలో తేలదు. గంటో రెండు గంటలో ఉంచి మళ్ళీ చూసి, ముఖద్వారం మొదట ఎలా ఉందో అలాగే ఉంటే అప్పుడు పంపిస్తారు. అంత చదువుకున్నవాళ్ళకే రెండుసార్లు చూస్తేగానీ తెలియనిది, ఇంట్లో మంచం మీద పడుకుని మీకు తెలియలేదంటే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

అత్తగారి మాటతో మాత్రం నేను ఏకీభవించలేను, ఎందుకంటే ఆ నమ్మకమే నన్నూ మోసం చేసింది. నా తొలి కాన్పు నాటికి నాకు ఆరేళ్ళ సర్వీసు ఉంది, వందలమందికి పక్కన నిలబడి ధైర్యం చెప్పినదాన్ని. ఒకరోజు పొద్దుటినుంచీ నడుము పట్టేసినట్టుగా ఉంటే, ముందురోజు వరకూ డ్యూటీలో నిలబడినందుకు అనుకుని వేడినీళ్ళ కాపడం పెట్టించుకుని పడుకున్నాను. నొప్పి పొట్టలో లేదు, అంతా నడుములోనే ఉంది, భరించలేనంతగానూ లేదు. సాయంత్రం మా అత్తగారు కాఫీ తెచ్చి, కబుర్లు చెబుతూ ఎందుకో నా పొట్ట మీద చేయి వేసి, ఆ చేయి అలాగే ఉంచి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. అరగంట తర్వాత, ‘నువ్వు నడుము నడుము అంటున్నావు గానీ, నువ్వు మూలిగిన ప్రతిసారీ ఇది గట్టిపడుతోందమ్మా, ఆరు నిమిషాలకోసారి వస్తోంది’ అన్నారు. ఆసుపత్రికి చేరేసరికి ముఖద్వారం 7 సెంటీమీటర్లు తెరుచుకుని ఉంది. మా అత్తగారు చదువుకున్నది అయిదో తరగతి. ఆవిడ నన్ను ఎంత నొప్పిగా ఉందని అడగలేదు, చేత్తో చూసి, వేళ లెక్కపెట్టారు. నేను ఇప్పుడు మీకు చెప్పబోయేది దాదాపుగా ఆ అరగంట పనే.

దానికి ముందు, ఈ దొంగ నొప్పులు అసలెందుకు వస్తాయో తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. వీటిని 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించాడు కనుక వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తారు. గర్భసంచి అంతా కండరమే. నెలలు నిండకముందు ఆ కండరంలోని కణాలు ఒకదానితో ఒకటి పెద్దగా మాట్లాడుకోవు. ఒకచోట కొన్ని బిగుస్తాయి, మరోచోట మరికొన్ని బిగుస్తాయి, కాసేపటికి అన్నీ ఊరుకుంటాయి. రథానికి తాళ్ళు కట్టి తలా ఒకసారి లాగితే రథం కదలనట్టే, ఈ బిగువుకు ముఖద్వారం తెరుచుకోదు. కాన్పు దగ్గరపడేకొద్దీ కణాల మధ్య సంబంధాలు పెరుగుతాయి, ఆక్సిటోసిన్ అనే హార్మోనుకు గర్భసంచి స్పందించే గుణం ఎక్కువవుతుంది. అప్పుడు బిగువు పైభాగంలో మొదలై అలలాగా కిందికి దిగుతుంది, అన్ని తాళ్ళూ ఒకేసారి లాగినట్టవుతుంది, బిడ్డ తల కిందికి నొక్కుకుని ముఖద్వారం తెరుచుకుంటుంది. కాన్పు నొప్పికి ఒక వరస, ఒక పెరుగుదల ఉండడానికి, దొంగ నొప్పికి అవి లేకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి చూడవలసింది నొప్పి ఎంత ఉందని కాదు, గంటసేపట్లో అది ఏ దారిన పోతోందన్నది. దొంగ నొప్పి కూడా ఒక్కోసారి ఊపిరి బిగబట్టేంత గట్టిగా రావచ్చు, కాన్పు నొప్పి మొదట్లో బహిష్టు నొప్పి అంత మెత్తగా ఉండవచ్చు. సెకన్ల ముల్లున్న గడియారమో, ఫోనో దగ్గర పెట్టుకుని, పొట్ట బిగుసుకోవడం మొదలైన వేళ, వదులైన వేళ ఒక కాగితం మీద రాయించండి. ఎంత సేపటికోసారి వస్తున్నాయన్నది లెక్కపెట్టేటప్పుడు ఒక నొప్పి మొదలైన క్షణం నుంచి తర్వాతి నొప్పి మొదలైన క్షణం వరకూ చూడాలి; చాలామంది నొప్పి తగ్గినప్పటినుంచి లెక్కపెట్టి, ఉన్నదానికన్నా దగ్గరగా వస్తున్నాయని కంగారు పడతారు. ఒక రాత్రి మీ కాగితం మీద 9:10, 9:17, 9:38, 9:44, 10:15 అని ఉండి, ఒకటి 20 సెకన్లు, మరొకటి రెండు నిమిషాలు, ఇంకొకటి మళ్ళీ అర నిమిషం సాగితే అది వరస లేని బిగువు, దొంగ నొప్పి. అదే 1:00, 1:10, 1:19, 1:27, 1:34, 1:40 అని దగ్గరవుతూ, మొదటిది 30 సెకన్లు ఉన్నది చివరికి 50, 60 సెకన్లకు పెరుగుతూ, నొప్పి వచ్చినప్పుడు చెబుతున్న మాట మధ్యలో ఆపేయాల్సి వస్తూ ఉంటే అది కాన్పు వైపు నడుస్తున్న నొప్పి.

ఇక చేత్తో చూడడం. ఈ పని అమ్మగారికి అప్పగించండి, ఎందుకంటే నొప్పి పడుతున్న మనిషికి ఆ సమయంలో నిలకడగా చూసుకోవడం కష్టం. మీరు ఎడమ పక్కకు ఒత్తిగిలి గానీ, దిండ్లకు ఆనుకుని గానీ కూర్చుంటే, ఆవిడ అరచేతిని బొడ్డుకు పైన, గర్భసంచి పైభాగం మీద, నొక్కకుండా ఊరికే ఆనించి ఉంచాలి. వేళ్ళ కొసలతో మెల్లగా తాకితే ముక్కు కొసలాగా ఇంకా లోపలికి అణుగుతుంటే అది మెత్తని నొప్పి, గడ్డంలాగా కొంచెమే అణుగుతుంటే మధ్యరకం, నుదురు తాకినట్టు అసలు అణగకపోతే బలమైన నొప్పి. కొత్తగా చేరిన నర్సింగ్ పిల్లలకు మేము ఇలా ముక్కు, గడ్డం, నుదురు చూపించే నేర్పించేవాళ్ళం. ఇందులో ఇంకొక కీలకం ఉంది: నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట పూర్తిగా మెత్తబడాలి. గట్టిపడింది గట్టిపడినట్టే ఉండిపోయి, ముట్టుకుంటేనే నొప్పి పుడుతుంటే అది దొంగ నొప్పీ కాదు, మామూలు కాన్పు నొప్పీ కాదు. మాయ ముందుగా ఊడిపోవడం వంటి ప్రమాదం కావచ్చు కనుక ఇక కాగితం, గడియారం పక్కన పెట్టి వెంటనే బయలుదేరాలి.

నొప్పి పుట్టేచోటు కూడా కొంత చెబుతుంది. దొంగ నొప్పి సాధారణంగా పొట్ట ముందుభాగంలోనో, గజ్జల్లోనో ఉండిపోతుంది. కాన్పు నొప్పి తరచుగా నడుము వెనక మొదలై రెండు పక్కలనుంచీ ముందుకు చుట్టుకుని వస్తుంది. అయితే నా కథ విన్నారు కదా, కొందరికి అది నడుములోనే ఆగిపోతుంది కాబట్టి ఈ ఒక్క గుర్తును పట్టుకుని కూర్చోకండి.

అమ్మగారి జీలకర్ర కషాయాన్ని నేను ఎగతాళి చేయను. ఆ పరీక్షలో పనిచేసేది జీలకర్ర కన్నా దాంతోపాటు లోపలికి వెళ్ళే నీళ్ళూ, అది తాగి ఓ మూల కుదురుగా కూర్చునే విశ్రాంతీ అని నా అభిప్రాయం. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి చిరచిరలాడుతుంది, మన విశాఖ ఉక్కపోతలో చెమట రూపంలో ఎంత నీరు పోతుందో మనకే తెలియదు. మూత్రాశయం నిండినా, పగలంతా నిలబడి పనిచేసినా, దాంపత్యం తర్వాతా, బిడ్డ గట్టిగా తన్నినా ఇలాంటి బిగువులు వస్తాయి. అందువల్ల నొప్పి మొదలవగానే మూత్రానికి వెళ్ళివచ్చి, రెండు గ్లాసుల మంచినీళ్ళో పలచటి మజ్జిగో తాగండి. అప్పటిదాకా పడుకుని ఉంటే లేచి వరండాలో నాలుగు అడుగులు వేయండి, తిరుగుతూ ఉంటే ఎడమ పక్కకు పడుకోండి. దొంగ నొప్పి చాలావరకు ఈ మార్పుకు సద్దుమణుగుతుంది, కాన్పు నొప్పి దీన్ని లక్ష్యపెట్టదు, నడిస్తే ఇంకాస్త బలపడుతుంది కూడా. పొట్ట బిగువుతో పాటు మూత్రంలో మంట ఉంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ సంగతి తెల్లవారగానే డాక్టరుకు చెప్పండి. కషాయం వరకూ సరే గానీ, ఎవరైనా ఆముదం తాగిస్తే కాన్పు తొందరగా అవుతుందంటే ఒప్పుకోకండి. విరేచనాలూ వాంతులూ పట్టుకుని, నీరసించిపోయి లేబర్ రూమ్‌కు వచ్చినవాళ్ళను చూశాను. అసలు నొప్పులు మొదలయ్యేటప్పటికి వాళ్ళలో ఓపిక మిగలలేదు.

చిక్కటి జిగురు, దానికి గులాబీ రంగో సన్నటి నెత్తుటి చారో అంటుకుని కనిపించడాన్ని ఆసుపత్రిలో షో అంటారు. ముఖద్వారం మెత్తబడుతోందనడానికి అది గుర్తే గానీ, కాన్పు ఆ రాత్రే అవుతుందన్న హామీ కాదు. కొందరికి కొన్ని రోజుల తర్వాత గానీ నొప్పులు రావు. మీరు రెండుసార్లు లోపలి పరీక్ష చేయించుకున్నారు కనుక, ఆ తర్వాత ఒకటి రెండు చుక్కల మరక పడినా గాభరా పడకండి. బహిష్టులా ఎర్రగా కారడం మాత్రం వేరే సంగతి.

గడియారం చూడకుండా, గంట ఆగకుండా వెళ్ళిపోవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వీటిని అమ్మగారి చేత ఒకటికి రెండుసార్లు చదివించండి. ఉమ్మనీరు పోతే, నొప్పులు లేకపోయినా వెళ్ళాలి. అది మూత్రమా, ఉమ్మనీరా అని అనుమానం వస్తే మూత్రానికి వెళ్ళివచ్చి, ఉతికిన తెల్లటి నూలు గుడ్డ పెట్టుకుని అరగంట పడుకుని లేచి నిలబడండి. లేచీ లేవగానే గుడ్డ తడిస్తే, మూత్రం వాసన లేకపోతే ఉమ్మనీరేనని ఎంచి బయలుదేరండి. ఆ నీరు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే విసర్జించిందని అర్థం, దాన్ని దారిలోనే ఫోను చేసి చెప్పాలి. నీరు పోయిన వెంట బొడ్డుతాడు జారి బయటికి తగిలితే, దాన్ని లోపలికి తోయడానికి ప్రయత్నించకుండా, మోకాళ్ళ మీద వంగి, తల కిందికీ పిరుదులు పైకీ ఉండేలా ఉంచి 108కి ఫోను చేయాలి. అది అరుదే గానీ, అప్పుడు నిమిషాలే లెక్క. ఎర్రటి రక్తం పోవడం, జ్వరం, విడవని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పక్కటెముకల కింద గట్టి నొప్పి, మొహమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకూడదు. ఇదివరకు సిజేరియన్ అయినవాళ్ళు, 37 వారాలు నిండనివాళ్ళు వరస తప్పని నొప్పులు కనిపిస్తే గంట లెక్కపెట్టకుండా వెళ్ళాలి. 34 వారాలలోపు అయితే బిడ్డ ఊపిరితిత్తులకు ఇచ్చే ఇంజెక్షనుకు సమయం దొరకడం ముఖ్యం.

బిడ్డ కదలిక గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కాన్పు దగ్గరపడితే బిడ్డ కదలడం మానేస్తుందిలే అన్న మాట మన ఇళ్ళలో చాలా తేలిగ్గా అనేస్తారు. అది నిజం కాదు. చోటు తక్కువై కదిలే తీరు మారవచ్చు, తన్నడానికి బదులు ఒత్తిగిలినట్టు తెలియవచ్చు గానీ, కదలికలు తగ్గకూడదు. నొప్పుల మధ్యలో కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది. తగ్గాయనిపిస్తే ఏదైనా తిని, ఎడమ పక్కకు పడుకుని, మనసు పెట్టి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలైనా తెలియకపోతే, అప్పుడు రాత్రి రెండు గంటలైనా సరే, తెల్లవారనీ అనుకోకండి. మొదటి గంటలోనే మనసుకు తేడాగా తోస్తే రెండో గంట కోసం చూడనక్కర్లేదు.

ఇవేవీ లేకుండా, తొలిచూలుకు అయిదేసి నిమిషాలకు ఒకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం సేపు, ఇలా ఒక గంట నిలకడగా వస్తే బయలుదేరమని సాధారణంగా చెబుతారు. అంతకన్నా ముందే వెళ్ళినంత మాత్రాన కాన్పు ముందు కాదు. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటినుంచే చురుకైన దశ మొదలైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు లెక్కిస్తాయి. దానికి ముందు ఉండే నెమ్మది దశ ఒకరికి కొద్ది గంటలు, ఒకరికి రోజు పైనే సాగుతుంది. ఆ సమయం ఇంట్లో తిని, తాగి, కునుకు తీస్తూ గడపడమే ఒంటికి సుఖం. కాకపోతే ఈ లెక్క ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవారికి ఒకలాగా, దూరాన ఉన్నవారికి ఒకలాగా వర్తిస్తుంది. మీరు గాజువాక నుంచి లారీల మధ్యగా రావాలి, పగటిపూట ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఎంతసేపు పడుతుందో చెప్పలేం, కాబట్టి ఏడెనిమిది నిమిషాలకోసారి వరసగా వస్తూ దగ్గరవుతున్నాయంటే చాలు, కదలండి. మలిచూలు అయితే పది నిమిషాల దగ్గరే బయలుదేరాలి, రెండో కాన్పు మనం అనుకున్నంత వ్యవధి ఇవ్వదు. పాడేరు వైపు కొండ గ్రామాలనుంచి రోడ్డు దాకా డోలీలో దిగాల్సినవారికైతే ఈ గంటల లెక్కలే పనికిరావు, వాళ్ళు తేదీకి ముందే కిందికి వచ్చి ఆసుపత్రి దగ్గర్లో ఉండడమే క్షేమం.

బండి విషయంలో ఒక పొరబాటు తరచుగా చూశాను. నొప్పులు వచ్చినప్పుడు పిలవాల్సింది 108ని. 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ప్రభుత్వాసుపత్రిలో కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి దింపే బండి. అలాగే, మీరు ప్రైవేటులో పేరు నమోదు చేయించుకున్నా, ఏ కారణం చేతనైనా అక్కడికి చేరలేకపోతే ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్, ఘోషాసుపత్రి రాత్రీ పగలూ ఉంటాయి. అక్కడ కాన్పుకు, అవసరమైతే సిజేరియన్‌కు కూడా, డబ్బు కట్టనక్కర్లేదు. చేతిలో మీ కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు రిపోర్టు ఉంటే ఎక్కడికి వెళ్ళినా మొదటి పది నిమిషాలు వృథా కావు.

వెళ్ళేముందు లేబర్ రూమ్‌కు ఫోను చేసి, ‘నొప్పులు వస్తున్నాయండీ’ అని మాత్రమే చెబితే అవతలివాళ్ళు కూడా ‘వచ్చేయండి’ అనో ‘చూద్దాం’ అనో తప్ప ఏమీ చెప్పలేరు. తొలిచూలు, 38వ వారం, ఒంటి గంటనుంచి నొప్పులు, ఇప్పుడు ఏడు నిమిషాలకోసారి, 50 సెకన్లు ఉంటున్నాయి, నీరు పోలేదు, బిడ్డ కదులుతోంది అని కాగితం చూసి చదివితే, ఆ నర్సు మీకు రెండు మాటల్లో సరైన జవాబు చెప్పగలదు. మూడోసారి వెళ్ళినప్పుడు కూడా ఆ కాగితాన్నే చేతికివ్వండి. ముందు రెండు రాత్రుల లెక్కా దానిమీదే ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే నొప్పులు రాత్రికి రాత్రి ఎలా మారాయో వాళ్ళకు కనపడుతుంది.

మీ వారి సంగతి ఒక్కటి మిగిలింది. ప్లాంటులో పని జరుగుతున్న చోట ఆ చప్పుడుకు సొంత ఫోను మోగినా వినపడకపోవచ్చు కనుక, ఆయన విభాగంలో రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి నంబరు ఈరోజే తీసుకుని, ఆ కాగితం పైనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆయన ఇంటికి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళేదాకా ఆగకండి. మీరూ అమ్మగారూ నేరుగా రామ్‌నగర్ బయలుదేరండి, ఆయన్ను ప్లాంటు నుంచి నేరుగా ఆసుపత్రికే రమ్మనండి.